డ్రోన్ల కంపెనీలో ఉద్యోగం: మా పిల్లోణ్ని పంపమంటారా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర పల్లె. మా తమ్ముడు ఆర్మీలో ఉన్నాడు. 2025 మే నెలలో పాకిస్తాన్‌తో గొడవ జరిగినప్పుడు జమ్మూలో డ్యూటీ చేస్తా ఉండె. ఆ రెండు మూడు రాత్రులు వాని ఫోను కలవలేదు. టీవీలో ఆకాశం నిండా ఎర్రటి గీతలు చూసుకుంటా కూర్చున్నాం. వాడు క్షేమంగానే ఉన్నాడు గానీ, అప్పట్నుంచి పొలంలో మందు కొట్టే డ్రోను చప్పుడైనా నాకు గుండె దడ. మొన్న రాత్రి ఊరి మీద ఎర్ర, పచ్చ లైట్లు తిరిగినాయని మగవాళ్లంతా కట్టెలు పట్టుకుని మిద్దెలెక్కినారు. బండి మీద పోయే బట్టల వ్యాపారినొకణ్ని నిలబెట్టి గంటసేపు సతాయించినారు. మనిషి చెప్పకపోయినా తమంతట తామే చంపే డ్రోన్లు వచ్చేసినాయని వాట్సాప్‌లో వీడియోలు. ఇంతలో బీటెక్ అయిన మా పిల్లోనికి హైదరాబాద్‌లో మిలిటరీ డ్రోన్లు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల చేరాలంట. వాళ్ల నాయన పొంగిపోతున్నాడు. వాళ్ల జేజి "సంపే పని కూడు మనకొద్దు" అంటుంది. నాకు నిద్ర పట్టడం లేదు. పంపమంటారా, వద్దంటారా?
ఒక తల్లి, కర్నూలు జిల్లా

జవాబు:

అమ్మా,

ముందు ఆ బట్టల వ్యాపారి సంగతి మాట్లాడుకుందాం. మీ అబ్బాయి ఉద్యోగానికి ఇంకా నెల గడువుంది. కట్టెలు పట్టుకుని మిద్దెలెక్కిన వాళ్లకు అంత ఓపిక ఉండదు.

రాత్రి పూట ఎర్ర లైటూ పచ్చ లైటూ జతగా కదులుతుంటే అది విమానం అయ్యే అవకాశమే ఎక్కువ. ఏ దేశపు విమానానికైనా ఎడమ రెక్క కొసన ఎర్ర దీపం, కుడి రెక్క కొసన పచ్చ దీపం, తోక వైపు తెల్ల దీపం ఉంటాయి. మీకు ఓర్వకల్లులోనే విమానాశ్రయం ఉంది. పైగా కర్నూలు హైదరాబాద్‌కూ బెంగళూరుకూ మధ్యలో ఉన్న ఊరు. చీకట్లో ఎత్తు అంచనా కట్టడం ఎవరి తరమూ కాదు. పది కిలోమీటర్ల పైన పోయేది కూడా తాటిచెట్టు ఎత్తులో ఉన్నట్టే అనిపిస్తుంది. కదలకుండా ఒకే చోట మెరుస్తుంటే శుక్రుడో గురుడో అయి ఉంటుంది.

పల్లెటూరి వాళ్లు కాబట్టి ఇలా పొరబడ్డారని ఎవరైనా నవ్వితే వాళ్లకు అమెరికాలోని న్యూజెర్సీ సంగతి చెప్పండి. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఎడిసన్ ఆ రాష్ట్రంలోనే ఉంది. 2024 నవంబరు, డిసెంబరు నెలల్లో అక్కడ రాత్రిళ్లు వింత డ్రోన్లు తిరుగుతున్నాయని గగ్గోలు పుట్టింది. ఇరాన్ ఓడ నుంచి వస్తున్నాయని ఒక పార్లమెంటు సభ్యుడే టీవీలో చెప్పాడు. అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి 5,000కు పైగా ఫిర్యాదులు అందాయి. వాటిలో ఇంకాస్త వెతకాల్సినవిగా తేలినవి 100 దాకా. మిగిలినవి మామూలు విమానాలు, హెలికాప్టర్లు, అనుమతితో ఎగిరే డ్రోన్లు, ఇంకా నక్షత్రాలు. ఈలోగా జనం డ్రోన్లనుకుని ప్రయాణికుల విమానాల మీదికి లేజర్ లైట్లు కొడుతున్నారని, పైలట్లకు కళ్లు పోయే ప్రమాదముందని ఎఫ్‌బీఐ హెచ్చరించాల్సి వచ్చింది. ఆ గొడవ మొత్తంలో నిజమైన అపాయం అదొక్కటే, అది కూడా కింద నుంచి పైకి పోయింది.

మన దేశంలో జరిగింది ఇంకా ఘోరం. 2025 జులై, ఆగస్టుల్లో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో డ్రోన్లతో ఇళ్లు గుర్తుపెట్టుకుని దొంగలు వస్తున్నారన్న పుకారు ఊరూరా పాకింది. మీ ఊళ్లో లాగే కర్రలు, రాత్రి కాపలాలు. ముజఫర్‌నగర్ జిల్లాలో పోలీసులు ఒక "డ్రోను"ను పట్టుకుంటే అది పావురం. ఇద్దరు కుర్రాళ్లు పావురాల కాళ్లకు ఎర్ర, పచ్చ లైట్లు కట్టి వదిలారు! ఇక్కడిదాకా నవ్వుకోవచ్చు. అక్టోబరు మొదట్లో రాయ్‌బరేలీ జిల్లాలో దారిన పోయే ఒక దళితుణ్ని దొంగ అనుకుని కొట్టి చంపేశారు. మీ ఊరి బట్టల వ్యాపారి గంటసేపటి సతాయింపుతో బతికి బయటపడ్డాడు. ఇంకోసారి అలా ఎవరినైనా నిలబెడితే ఆడవాళ్లు ముందుకొచ్చి అడ్డం నిలవండి, 112కు ఫోన్ చేయండి. డ్రోన్ ఎగరేయడానికి మన దేశంలో 2021 నుంచి రూల్స్ ఉన్నాయి. 250 గ్రాములు దాటిన ప్రతి డ్రోనుకూ నంబరు ఉండాలి, ఎక్కడ ఎగరకూడదో మ్యాపు ఉంది. రూల్ తప్పినవాణ్ని పట్టుకోవడం పోలీసుల పని. ఎక్కడైనా కింద పడిన డ్రోను కనిపిస్తే పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వకండి, ముట్టుకోకండి. అంతకు మించి మీరు చేయాల్సింది ఏమీ లేదు.

మీ ఊరికి ఇంకో విషయం కూడా ఉంది. మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్లు ఆయుధాలు పరీక్షించే టెస్ట్ రేంజ్ మీకు దగ్గర్లోనే ఉంది కదా. 2025 ఏప్రిల్ 13న అక్కడే లారీ మీద బిగించిన 30 కిలోవాట్ల లేజర్‌తో ఎగిరే డ్రోన్లను కాల్చి పడేశారు. దాన్ని తయారుచేసింది హైదరాబాద్‌లోని వాళ్ల చెస్ ప్రయోగశాల. ఆ జులైలో అదే రేంజ్‌లో డ్రోను నుంచి వదిలే చిన్న క్షిపణిని పరీక్షించారు. కాబట్టి మీ ఆకాశంలో అప్పుడప్పుడూ నిజంగానే మిలిటరీ వస్తువు ఎగరొచ్చు. అది మీ కోసం వచ్చింది కాదు. వీడియో తీసి గ్రూపుల్లో పెట్టకుండా ఉంటే చాలు.

ఇక మీ తమ్ముడు డ్యూటీలో ఉన్న ఆ రాత్రుల సంగతి. మీరు టీవీలో చూసిన ఎర్రటి గీతలు మిమ్మల్ని ఇంకా వెంటాడుతున్నాయని అర్థమైంది. ఒక సంగతి చెబితే మీకు కొంచెం తేలికవుతుందేమో. ఆ గీతల్లో చాలావరకు మనవాళ్లు పైకి కాల్చిన గుండ్లే. తూటా ఎటు పోతోందో తుపాకి వెనక ఉన్నవాడికి కనిపించాలని కొన్ని గుండ్ల వెనక మండే మందు పెడతారు, అదే గీతలా మెరుస్తుంది. మే 8 రాత్రి లేహ్ నుంచి గుజరాత్‌లోని సర్ క్రీక్ దాకా 36 చోట్లకు పాకిస్తాన్ నుంచి 300 నుంచి 400 డ్రోన్లు వచ్చాయని మన సైన్యం లెక్క చెప్పింది. వాటిలో చాలావాటిని పడగొట్టింది కోట్ల ఖరీదు చేసే క్షిపణులు కాదు. స్వీడన్ డిజైన్ ఎల్-70 తుపాకులు, మీరు పుట్టకముందు మన సైన్యంలోకి వచ్చినవి. కొత్త రాడారు, కొత్త కెమెరా తగిలించేసరికి మళ్లీ పనిలోకి వచ్చాయి. మీరు గుండె పట్టుకుని చూసిన ఆ గీతలు మీ తమ్ముణ్ని కాపాడుతున్నవే.

అంతా సుఖాంతమని చెప్పను. పంజాబ్‌లో ఫిరోజ్‌పూర్ జిల్లాలో ఒక డ్రోను ఇంటి మీద పడి ఒకే కుటుంబంలో ముగ్గురికి కాలిన గాయాలయ్యాయి, వాళ్లలో ఆ ఇంటి ఇల్లాలు తర్వాత ఆసుపత్రిలో కన్నుమూసింది. సరిహద్దు ఊళ్లవాళ్ల భయానికి కారణం ఉంది. మీకూ ఆ సరిహద్దుకూ వెయ్యి కిలోమీటర్ల పైనే దూరం. మీ పొలంలో మోగే డ్రోను పది లీటర్ల పురుగుమందు మోస్తుంది. దాని చప్పుడుకు దడ పుడితే ఒకరోజు పొద్దున ఆ డ్రోను నడిపే వాళ్ల దగ్గరికి వెళ్లి, బ్యాటరీ మార్చేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. ఇప్పుడు చాలాచోట్ల పొదుపు సంఘాల ఆడవాళ్లే వాటిని నడుపుతున్నారు. చేత్తో తాకి చూసిన వస్తువు చప్పుడు మునుపటిలా భయపెట్టదు. అయినా నెలల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టరుకు చూపించుకోండి. ఆ మూడు రాత్రులు మీరు పడింది చిన్న బాధ కాదు.

అయితే డ్రోన్ చప్పుడుకు భయపడటం వెర్రితనం అని నేను ఎప్పటికీ అనను. ఎందుకంటే దాని కిందే ఏళ్లకేళ్లు బతికిన జనం ఉన్నారు. పాకిస్తాన్‌లోని ఉత్తర వజీరిస్తాన్‌లో 2012 అక్టోబరులో ఒక ముసలామె పొలంలో బెండకాయలు కోస్తుండగా అమెరికా డ్రోను వదిలిన క్షిపణికి చనిపోయింది. ఆమె ఊళ్లో మంత్రసాని. దగ్గర్లోనే ఆడుకుంటున్న మనవలు గాయపడ్డారు. ఏడాది తర్వాత 13 ఏళ్ల మనవడు వాషింగ్టన్ వెళ్లి అక్కడి పార్లమెంటు సభ్యుల ముందు చెప్పాడు: నాకు ఇప్పుడు నీలాకాశం అంటే ఇష్టం లేదు, మబ్బు పట్టిన ఆకాశమే ఇష్టం, మబ్బుంటే డ్రోన్లు రావు అని. వినడానికి వచ్చిన సభ్యులు అయిదుగురు. మీ అత్తగారి మాటను నేను తేలిగ్గా తీసుకోలేకపోవడానికి ఈ ముసలామె కూడా ఒక కారణం.

ఇప్పుడు ఆ వాట్సాప్ వీడియోల సంగతి. యంత్రాలు తిరగబడి మనుషుల్ని వేటాడటం కంప్యూటర్‌లో గీసిన బొమ్మ. జరుగుతున్నది వేరు, అది అంత గొప్పగా వీడియోకు ఎక్కేది కాదు. ఉక్రెయిన్ యుద్ధంలో చూడండి. చిన్న డ్రోనుకు కెమెరా, కింద పేలుడు మందు, దూరంగా కూర్చున్న కుర్రాడు కళ్లకు అద్దాలు పెట్టుకుని నడుపుతాడు. అవతలివాళ్లు జామరు పెట్టి ఆ సిగ్నల్ తెంపేస్తారు. సిగ్నల్ తెగితే డ్రోను గుడ్డిదవుతుంది. దానికి రెండు విరుగుళ్లు కనిపెట్టారు. ఒకటి, గాలిపటం దారంలా వెనకాలే సన్నని ఫైబర్ తీగను కిలోమీటర్ల కొద్దీ వదులుకుంటూ పోవడం. తీగలో పోయే సిగ్నల్‌ను జామరు ఏమీ చేయలేదు. రెండోది, ఆఖరి కొన్ని క్షణాలు డ్రోనుకే వదిలేయడం. కుర్రాడు తెర మీద ఒక ట్యాంకునో ట్రక్కునో చూపిస్తాడు, ఆ తర్వాత సిగ్నల్ తెగినా దాన్ని గుర్తుపెట్టుకుని డ్రోనే వెళ్లి తగులుతుంది. చంపే నిర్ణయం యంత్రం చేతికి పోతున్నది ఇలాగే. ఎవరూ ఒక రోజు కూర్చుని ఇచ్చేయలేదు. జామరుకు మందు వెతుకుతూ వెతుకుతూ మూడు సెకన్లు ఇచ్చారు, రేపు ముప్పై సెకన్లు ఇస్తారు, ఆ తర్వాత గురి చూపించే పని కూడా దానికే ఇస్తారు. లిబియాలో 2020లోనే టర్కీ తయారీ కర్గు-2 వంటి డ్రోన్లను నడిపేవాడితో సంబంధం లేకుండా దాడి చేసేలా వాడారని ఐక్యరాజ్యసమితి నిపుణులు 2021లో నివేదిక ఇచ్చారు. ఎవరైనా చనిపోయారో లేదో అందులో లేదు.

మనిషి చేతిలో ఉంటే భద్రం అనుకోవడానికీ లేదు. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా వాళ్లు ఒక తెల్ల కారును ఎనిమిది గంటల పాటు పైనుంచి వెంటాడి, డిక్కీలో ఎక్కిస్తున్న నీళ్ల క్యాన్లను బాంబులనుకుని క్షిపణి వదిలారు. పదిమంది చనిపోయారు, ఏడుగురు పిల్లలు. కారు నడిపినాయన సహాయ సంస్థ ఉద్యోగి. మొదట సరైన దాడే అన్నారు, మూడు వారాలకు ఘోరమైన పొరపాటు అని ఒప్పుకున్నారు. డిసెంబరులో ఎవరికీ శిక్ష లేదని తేల్చారు. ఆ ఎనిమిది గంటలూ తెర ముందు మనుషులే కూర్చున్నారు. మరోవైపు ఉక్రెయిన్‌లోని ఖెర్సన్‌లో రష్యన్ డ్రోన్లు బస్టాపుల్లో, రోడ్ల మీద మామూలు జనాన్ని వెంటాడి చంపుతున్నాయని, అది మానవత్వంపై నేరమని ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం 2025 మేలో చెప్పింది. అక్కడ ఏ యంత్రమూ తప్పు చేయలేదు. నడిపేవాడు మనిషిని చూసే, మనిషని తెలిసే కొట్టాడు.

అందుకే నా భయం యంత్రం తెలివి మీద కన్నా, తప్పు జరిగాక అడిగేవాళ్లూ జవాబు చెప్పేవాళ్లూ లేకపోవడం మీద. దీనికి ప్రపంచమంతటికీ ఒక చట్టం కావాలని, 2026లోగా ఒప్పందం కుదరాలని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ అడిగారు. 2023 డిసెంబరులో ఇలా తమంతట తామే చంపే ఆయుధాల గురించి అక్కడ తీర్మానం పెడితే 152 దేశాలు అవునన్నాయి, నాలుగు కాదన్నాయి. ఆ నాలుగిట్లో రష్యాతో పాటు మనమూ ఉన్నాం. మరుసటి ఏడాది ఇలాంటి తీర్మానానికే మన దేశం ఎటూ ఓటు వేయలేదు. ఈ చర్చ జెనీవాలో ఉన్న పాత వేదికలోనే జరగాలన్నది మన ప్రభుత్వం వాదన. పక్కన చైనా, పాకిస్తాన్ పెట్టుకుని చేతులు కట్టేసుకోలేం అన్న లెక్క కూడా దాని వెనక ఉండొచ్చు. ఆ లెక్క నాకు అర్థమవుతుంది. ఓటు మాత్రం నచ్చలేదు. మన టీవీల్లో దీని మీద ఒక్క సాయంత్రమైనా చర్చ జరగకపోవడం ఇంకా నచ్చలేదు.

ఇదంతా మీ అబ్బాయి ఉద్యోగానికి ఏం సంబంధం అంటారా? చాలా ఉంది. "మిలిటరీ డ్రోన్లు చేసే కంపెనీ" అన్నారు. ఏ డ్రోన్లు? మీ ఉత్తరంలో నాకు దొరకని మాట అదొక్కటే, మీకూ తెలియదేమో. ఒక కంపెనీ శత్రువు డ్రోన్లను పట్టుకునే రాడార్లు, జామర్లు చేస్తుంది; మే నెలలో మీ తమ్ముడికి రక్షణగా నిలబడింది ఆ జాతి సామానే. ఇంకొకటి కొండల్లో, సముద్రం మీద గంటల తరబడి తిరిగి చూసొచ్చే నిఘా డ్రోన్లు చేస్తుంది. మరొకటి వెళ్లి పేలిపోయే ఆత్మాహుతి డ్రోన్లు చేస్తుంది. మంచు కొండల మీద జవాన్లకు మందులూ తిండీ మోసే డ్రోన్లు చేసేవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ బయట బోర్డు మీద ఒకే పేరుతో ఉంటాయి. కొన్ని కంపెనీల్లో ఇవన్నీ ఒకే షెడ్డులో ఉంటాయి.

చేసింది ఎక్కడికి పోతుందన్నది ఇంకో ప్రశ్న. హైదరాబాద్‌లో 2018 డిసెంబరులో మొదలైన అదానీ-ఎల్బిట్ ఫ్యాక్టరీ ఇజ్రాయెల్ డిజైన్ హెర్మెస్ 900 డ్రోన్లు తయారుచేస్తుంది. 2024 జనవరిలో అక్కడి నుంచే మన నౌకాదళానికి దృష్టి-10 పేరుతో మొదటిది అందింది. ఆ మరుసటి నెలలోనే అక్కడ చేసిన కొన్ని డ్రోన్లు గాజా యుద్ధం నడుస్తున్న ఇజ్రాయెల్‌కు వెళ్లాయని విదేశీ పత్రికల్లో వార్తలొచ్చాయి. ఇజ్రాయెల్‌కు ఆయుధాల ఎగుమతి ఆపమని సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లకు ఆ సెప్టెంబరులో కోర్టు, అది విదేశాంగ విధానం, మేం జోక్యం చేసుకోం అని చెప్పి పంపింది. కోర్టు పట్టించుకోనన్న ప్రశ్న చివరికి ఎవరి దగ్గరికొస్తుందంటే, అక్కడ సర్క్యూట్ బోర్డు అతికే కుర్రాడి దగ్గరికి. వాడు పట్టించుకుంటే వస్తుంది, లేకపోతే లేదు.

నన్ను అడిగితే, జామర్లు, రాడార్లు, నిఘా, సరుకు మోసే డ్రోన్లు అయితే రెండో ఆలోచన లేకుండా వెళ్లమంటాను. పేలే డ్రోన్లు అయితే అది మీ అబ్బాయి తనకు తాను తేల్చుకోవాలి. మీరు గానీ, నేను గానీ, వాళ్ల నాయన గానీ తేల్చేది కాదు. దేశానికి ఆ ఆయుధాలు అక్కర్లేదని నేను అనలేను, మీ తమ్ముడు సరిహద్దులో ఉండగా మీరూ అనలేరు. దేశానికి కావాలంటే మాత్రం దాన్ని నా బిడ్డే చేయాలా అని మీ అత్తగారు అడుగుతున్నది కూడా న్యాయమైన ప్రశ్నే. ఆమె మాటను చాదస్తం అని కొట్టేయొద్దని మీ ఆయనకు చెప్పండి. మనవణ్ని ఆమె పక్కన కూర్చోబెట్టి, వాడు చేయబోయే పని ఏమిటో ఆమెకు అర్థమయ్యేలా చెప్పమనండి. జేజికి చెప్పలేని పని అయితే ఎందుకు చెప్పలేకపోతున్నాడో వాడికే తెలుస్తుంది. మీరు మాత్రం ఏడుపుతో ఆపకండి. అలా ఆగినవాడు రేపు ఏ ఉద్యోగంలోనైనా కాస్త కష్టమొస్తే మీ వైపే చూస్తాడు.

ఈ వారంలోనే వాణ్ని కంపెనీ హెచ్‌ఆర్‌కు ఫోన్ చేయమనండి. నేను కూర్చునే టీమ్ ఏది, ఆ టీమ్ ఏ వస్తువు మీద పనిచేస్తుంది, కొనేది మన సైన్యమేనా బయటి దేశాలు కూడానా, ఏడాది తర్వాత టీమ్ మారే వీలుందా అని అడగమనండి. రక్షణ కంపెనీ కాబట్టి కొన్నిటికి జవాబు చెప్పరు, అది సహజమే. మొదటి రెండింటికీ చెప్పకపోతే మాత్రం ఆలోచించాలి. చేరాక పని గురించి ఇంట్లో ఎక్కువ మాట్లాడడు, ఫొటోలు పంపడు. దానికి మీరు కంగారు పడొద్దు, వాట్సాప్‌లో పెట్టమని అడగొద్దు. ఆఫర్ లెటర్ ఇంగ్లీషులో ఉంటుంది కదా, దాన్ని మీకూ మీ ఆయనకూ అర్థమయ్యేలా మొత్తం చదివి వినిపించమనండి. ముఖ్యంగా బాండ్ ఉందేమో చూడండి. ఎన్నేళ్లు కట్టుబడి ఉండాలి, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది అందులో ఉంటుంది. ఆ డబ్బు వాడి రెండు మూడు నెలల జీతంలో తేలేదైతే వెళ్లనివ్వండి. ఇల్లు తాకట్టు పెట్టాల్సినంత ఉంటే, ఆ షరతు మార్చేదాకా సంతకం పెట్టొద్దని చెప్పండి. ఒకరోజు వాడికి ఆ పని చేయబుద్ధి కాకపోతే బయటికి రావడానికి కట్టాల్సింది అంతే.